గుండ్లవంక ఎముకలు

వానలు వెలిసి ఎండ కాసిన పొద్దున గుండ్లవంకలో ఎముకలు బయటపడ్డాయని కబురొచ్చేసరికి లోకేశ్వరి పెరట్లో అంట్లు తోముతూ ఉంది. చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఎవరివని ఆమె అడగలేదు. కబురు తెచ్చిన ఎదురింటి ఆనందమ్మా చెప్పలేదు. వంకమిట్ట ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎవరినీ అడగలేదు. గుండ్లవంకలో కొట్టుకుపోయినవాడు ఒక్కడే, వాడి పెళ్ళాం ఇక్కడ అంట్లు తోముతోంది. ఇంక అడగడానికేముంది, చెప్పండి!

పోయినవాడు మునికుమార్. లోకేశ్వరి మొగుడు, సుబ్బులమ్మకు ఒక్కగానొక్క కొడుకు. నాలుగేళ్ళ కిందట ఇలాంటి వానల్లోనే పుత్తూరు నుంచి స్కూటర్ మీద వస్తూ వంక దాటబోయాడు. తెల్లారి స్కూటర్ దొరికింది, రెండు గుండ్ల మధ్య ఇరుక్కుని. మనిషి దొరకలేదు. ఊరి మగవాళ్ళు నడుముకు తాళ్ళు కట్టుకుని వెతికారు. పోలీసులొచ్చారు, రాసుకున్నారు, పోయారు. దొరికి ఉంటే అందరూ గుండెలు బాదుకుని ఏడ్చి, ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్ళు బతికేవాళ్ళు. దొరక్కపోవడమే ఆ ఇంటి కొంప ముంచింది. ఎందుకంటే నెల తిరక్కముందే ఎవడో పుణ్యాత్ముడు పాకాల జంక్షన్లో మునికుమార్‌ను చూశానన్నాడు. నీలం చొక్కా వేసుకుని కాట్పాడి రైలెక్కుతున్నాడట. అన్నవాడు మళ్ళీ ఆ చుట్టుపక్కల కనబడలేదు గానీ అన్న మాట మాత్రం ఊళ్ళో కాపురం పెట్టేసింది. స్కూటర్ వంకలో తోసేసి మనిషి ఎటో పోయాడన్నారు. ఎందుకు పోతాడు? పెళ్ళాం పోరు పడలేక అన్నారు. ఆ పోరు ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. చూడకుండా అనడానికి నోళ్ళకేం తక్కువ!

సుబ్బులమ్మ ఆ రైలు మాటను పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది పాపం! ఒకవైపు వంకలో చచ్చిన కొడుకు, ఇంకోవైపు నీలం చొక్కా వేసుకుని రైలెక్కిన కొడుకు. ఏ తల్లయినా రైలెక్కినవాణ్ణే నమ్ముతుంది. అయితే బతికున్నవాడు ఇల్లెందుకు వదిలాడనే ప్రశ్న ఒకటి మిగిలింది కదా, అది వచ్చి కోడలి నెత్తిన పడింది.

"వాడు పోయింది నీ వల్ల గాదంటే కాణిపాకంలో ప్రమాణం సెయ్యి" అంది సుబ్బులమ్మ.

చిత్తూరు జిల్లాలో ఆ మాట వచ్చాక ఇక వాదన ఉండదు. కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధమాడే మొనగాడు ఇంకా పుట్టలేదని ఇక్కడివాళ్ళ నమ్మకం. లోకేశ్వరి పోయింది. తలమీద నీళ్ళు పోసుకుని, వణుకుతూ నిలబడి, అత్త ఒక్కో ముక్కా చెబుతుంటే తనూ ఒక్కో ముక్కా పలికింది. "నా వల్ల ఆయన పోలే. ఆయన వచ్చేదాంకా, లేదంటే ఆయన బొమికలు ఈ కండ్లతో సూసేదాంకా, అత్తిల్లు ఇడిసి పోను." ఏడ్చి ఏడ్చి నీరసపడిన మనిషి, పాతికేళ్ళ పిల్ల. ఆ పూట ఏం చెప్పమన్నా చెప్పేదే. ఆ చివరి ముక్క తన మెడకు ఎంత గట్టిగా చుట్టుకుంటుందో అప్పుడు తట్టలేదు.

తర్వాత తట్టింది. నగరిలో ఉన్న అక్క పంకజాక్షి ఫోన్ చేసి "ఈడికి వచ్చేయ్ మే, మా మరమగ్గాల షెడ్లో పని నేర్పిస్తా, నా పక్కింట్లోనే ఉందువు" అన్నప్పుడల్లా తట్టింది. పోవద్దని గొళ్ళెం పెట్టినవాళ్ళెవరూ లేరు. తలుపు బార్లా తీసే ఉంటుంది. పెళ్ళికీ చావుకీ పోవచ్చు, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి, అంతే. నుదుట బొట్టుంది, మెడలో తాళి ఉంది, మొగుడు లేడు. పేరంటానికి పిలవడానికి వచ్చినవాళ్ళు ఆ ఇంటి గడప దాకా వచ్చి, పిలవాలో కూడదో తెలియక, ఉత్తినే కుశలమడిగి పోయేవాళ్ళు. ముత్తయిదువా కాదు, ముండమోపీ కాదు. ఇదేం బతుకురా దేవుడా అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇక సుబ్బులమ్మ సంగతా? కొడుకు ఫోన్ నంబరు పోకూడదని నెలనెలా రీఛార్జ్ చేయిస్తుంది. శుక్రవారం శుక్రవారం ఆ నంబరుకు ఫోన్ చేయించి, స్విచాఫ్ అని చెప్పే ఆడగొంతును చివరిదాకా వింటుంది.

సరే, ఎముకల దగ్గరికి వద్దాం. లోకేశ్వరి చేతులైనా సరిగా కడుక్కోకుండా వంక దగ్గరికి పరిగెత్తింది. ఈసారి వరద ఒడ్డును నిలువునా కోసేసింది. మనిషెత్తు ఎర్రమట్టి గోడ, ఆ గోడలోంచి తెల్లగా, గుండ్రంగా, మూరెడు పొడుగున పొడుచుకొచ్చిన ముక్కలు. విరిగిపడ్డవి కింద ఇసుకలో ఉన్నాయి. ఊరంతా గట్టుమీద నిలబడి చూస్తోంది గానీ ఒక్కరూ దిగలేదు. ఆమే దిగింది. ఒక ముక్క తీసింది. బరువుగా ఉంది. లోపల మూలుగ ఉండేచోట సన్నటి బెజ్జం. తిప్పి చూస్తుంటే బొటనవేలికి ఒక ముద్ద తగిలింది. కాలి ఎముకే అయితే, మోకాలికీ చీలమండకీ మధ్యన, కాస్త కిందికి.

 ఆ ముద్ద ఆ బొటనవేలికి తెలుసు. పెళ్ళైన కొత్తలో మునికుమార్ మామిడిచెట్టు మీంచి పడి కాలి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టింది దేవరాజులు. పుత్తూరు పక్కన పల్లెలో తాతల నాటినుంచీ విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఇంటి మనిషి. కోడిగుడ్డు సొన, ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎముక అతికింది, అతికిన చోట చిన్న ముద్ద మిగిలింది. కట్టు విప్పాక నెలల తరబడి ఆ కాలికి నూనె రాసింది లోకేశ్వరే.

"ఈడ సూడండి, ఈ ముద్ద సూడండి" అని అరిచింది. గట్టుమీద జనం గుసగుసలాడారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేస్తే ఒక కానిస్టేబుల్ వచ్చి, లాఠీతో రెండు ముక్కలు తట్టి చూశాడు. "ఇది రాయో బొమికో నాకేం తెలుసబ్బా! తెలిసినోళ్ళకు సూపిచ్చి సెప్పండి, అప్పుడొస్తాం" అని ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు.

తెలిసినవాళ్ళంటే ఆ పక్క ఎవరు గుర్తొస్తారు? దేవరాజులే. కట్టు కట్టిన చెయ్యి తన కట్టును తాను గుర్తుపట్టదా అన్నారు పెద్దలు. మనిషిని పంపారు. ఇంటి నిండా చేతులూ కాళ్ళూ విరిగినవాళ్ళు కూర్చుని ఉన్నారనీ, ఆదివారం వస్తాననీ చెప్పి పంపాడాయన.

సుబ్బులమ్మ వంక వైపు తొంగి కూడా చూడలేదు. కోడలు ఆ ముక్కను గోనెసంచిలో చుట్టి తెస్తుంటే గడపలో అడ్డంగా నిలబడింది. "ఆ గొడ్డు బొమికలు నా ఇంట్లో పెట్టినావంటే కాళ్ళిరగ్గొడతా. నా కొడుకు రైలెక్కి పోయినాడు. వంకలో యాడుంటాడు?" లోకేశ్వరి దాన్ని కొట్టంలో ఒక మూలన పెట్టింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. నగరిలో అక్క ఇంటి పక్క గది, మగ్గాల చప్పుడు, తన పేరుతో ఒక తాళంచెవి. వద్దనుకున్నా అవే కళ్ళముందు తిరిగాయి. మొగుడి ఎముక దొరికిందని ఇంత ఆశపడే ఆడది ఉంటుందా అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఆశపడింది.

అక్కకు చెబితే అక్క వేరే దారి చెప్పింది. "ఆదివారం దాంకా ఎందుకు? మా రూపశ్రీ తిరపతిలో సదివే కాలేజీలో రాళ్ళ పాఠం సెప్పే మేడం ఉండాది. ఎంత పాత బొమికో కూడా సెప్తాదంట. ముందు నువ్వు తెలుసుకో మే." ఆ మాట లోకేశ్వరికి నచ్చింది. చచ్చింది నా మొగుడైతే, ఊరు చెబితే నేను వినడమేంటి, నేనే ముందు తెలుసుకుంటాను అనుకుంది. నడుం నొప్పి, ఆస్పత్రికి పోయొస్తానని అత్తకు చెప్పింది. "సాయంత్రం బస్సుకు రా" అంది సుబ్బులమ్మ, ఎప్పటిలాగే.

సంచిలో ఎముక, ఒళ్ళో సంచి. బస్సులో పక్కన కూర్చున్నావిడ "ఏంది, చెరుకా?" అని అడిగింది. లోకేశ్వరి తల ఊపింది.

కాలేజీలో అక్క కూతురు రూపశ్రీ ఆమెను మేడం గది దాకా తీసుకెళ్ళి, క్లాసుందని పరిగెత్తింది. మేడం పేరు లోహిత. బల్ల నిండా రాళ్ళు. కలివిడి మనిషి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "వంకలో ఏదో దొరికిందంటనే, సూద్దాం తియ్యండక్కా" అంది. మొగుడి సంగతి లోకేశ్వరి చెప్పలేదు. సంచి విప్పి బల్లమీద పెట్టింది, అంతే.

లోహిత దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. విరిగిన చివర దగ్గర భూతద్దం పెట్టి చూసింది. తర్వాత ఏం చేసిందంటే, నాలుక చాపి ఆ ముక్కకు ఆనించింది.

"అయ్యో అయ్యో, మేడం!" అంటూ లోకేశ్వరి కుర్చీలోంచి లేచిపోయింది.  మొగుడి కాలు అది! ఎవరో ఆడమనిషి నాకుతోంది!

లోహిత నవ్వింది. "ఏం కాదులేక్కా, మా పని అట్లాంటిది. రాయిగా మారిన పాత బొమికలు నాలుక్కి అతుక్కుంటాయి. ఇదీ కొంచెం అతుక్కుంటా ఉండాది, కానీ సున్నమైనా అతుక్కుంటాది. దీన్ని బట్టి సెప్పలేం." ఒక చిన్న యాసిడ్ సీసా తీసి, విరిగిన చోట ఒక్క చుక్క వేసింది. తెల్లటి నురగ బుసబుస పొంగింది. లోహిత మళ్ళీ భూతద్దం పెట్టింది, ఈసారి చాలాసేపు. తర్వాత అద్దాన్ని లోకేశ్వరి చేతికిచ్చింది. "మీరే సూడండి. బొమికైతే లోపల సన్న సన్న గూళ్ళుంటాయి, తేనెపట్టు మాదిరి. ఈడ యాడన్నా ఉండాయా? పొర మీద పొర, ఉల్లిగడ్డ కోసినట్టుగా ఉండాది."

లోకేశ్వరి చూసింది. పొర మీద పొర. ఉల్లిగడ్డే.

"ఇది బొమిక గాదక్కా, చెట్టు వేరు. ఇప్పుడు వేరు గూడా కాదనుకోండి. ఎన్నో వేల ఏండ్ల కిందట ఆ గట్టుమీద చెట్లుండి ఉంటాయి. మట్టిలో సున్నం వచ్చి వేరు సుట్టూ పేరుకుంది. వేరు కుళ్ళిపోయింది, సున్నం గట్టిపడి మిగిలింది. ఈ బెజ్జం ఉండాదే, వేరు ఉండిన జాగా. శిలాజమనే అంటాం, కానీ జంతువుది గాదు. బొమికలని శానామంది మోసపోతారు."

"మరి ఈ ముద్ద?" అంది లోకేశ్వరి. 

"అదా? పిల్లవేరు చీలిన చోటు."

"మనిషిది గాదా మేడం? కొంచెం కూడా? వేరే ముక్కలు శానా ఉండాయి, వాట్లో ఒకటన్నా..." ఫోన్లో ఫొటోలు చూపించింది. లోహిత ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది.

"అన్నీ ఇవే. మనిషిది కానే కాదు. మీరేం భయపడొద్దు, పోలీసుల గొడవ ఏమీ ఉండదు, నిశ్చింతగా పోండి" అంది, మంచి మాట చెబుతున్నాననుకుని. పాపం ఆమెకేం తెలుసు? తర్వాత ఉత్సాహంగా అడిగింది. "ఏ ఊరక్కా మీది? పిల్లల్ని తీసుకొచ్చి సూపిస్తా. ఇంత బాగా దొరకడం తక్కువ."

"పాకాల పక్కన" అంది లోకేశ్వరి. ఆ అబద్ధం నోట్లోంచి ఎందుకు వచ్చిందో తెలియదని ఆమె తనకు తాను చెప్పుకుంది. తెలుసు. బయటికి వస్తూ రూపశ్రీతోనూ అంది, "మేడం అడిగితే మా ఊరి పేరు సెప్పొద్దు మే."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మొగుడు బతికుండొచ్చు. ఆ మాట వినగానే పెళ్ళాం కళ్ళమ్మట ఆనందబాష్పాలు రావాలి కదా? రాలేదు. ఏ ఊళ్ళోనో నీలం చొక్కా వేసుకుని తిరుగుతుంటే తిరగనీ, చచ్చి ఉంటే ఆయనకు పుణ్యలోకం, మరి నాకేది దారి అనిపించింది. తన మనసు ఇంత రాయిగా ఎప్పుడు మారిందో ఆమెకు తెలియలేదు, భయమేసింది. పుత్తూరు దాటాక చీకటి పడింది. సాయంత్రం బస్సుకే దిగింది. అత్త అరుగుమీద కూర్చుని "నడుం ఎట్లుండాది?" అని అడిగింది. "అట్నే ఉండాది" అంది. సంచి తీసుకెళ్ళి కొట్టంలో అదే మూల పెట్టింది.

ఆదివారం దేవరాజులు ఆటోలో వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, తెల్లచొక్కా, నూనె పట్టి మెరిసే అరచేతులు. ఆ చేతులు పడ్డ ఒళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొకటైనా ఉంటుంది. ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన వాళ్ళతో "ఆ ఫొటో మీ ఇంట్లో తగిలించుకోండి, చెయ్యి ఈడ పెట్టండి" అంటాడు. వంక ఒడ్డున చాప వేసి కూర్చోబెట్టారు. ఊరంతా చుట్టూ చేరింది. లోకేశ్వరి సంచి తెచ్చి ముందు పెట్టింది. ఇప్పుడు చెప్పేస్తే సరిపోతుంది, ఇది చెట్టు వేరండీ అని ఒక్క ముక్క. నోరు తెరుచుకోలేదు. ఆయనే రాయంటాడులే, అంత చెయ్యి తిరిగినవాడు ఆమాత్రం తెలుసుకోడా అనుకుని ఊరుకుంది.

దేవరాజులు అరచేతిలో నూనె వేయించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ ముక్కను బతికున్న కాలిని నిమిరినట్టే పైనుంచి కిందికి నిమిరాడు. ముద్ద దగ్గర వేళ్ళు ఆగాయి. అక్కడే మూడు నాలుగుసార్లు తిరిగాయి. ఆయన ముఖంలో దుఃఖం కనబడింది. ఆ దుఃఖం వెనకాల, చూస్తే తెలిసేంతగా, కొంచెం గర్వం కూడా.

"ఇది నా కట్టే" అన్నాడు. "ఈ ముద్ద నా చేతికింద కట్టుకున్న ముద్ద. ఎన్ని కాళ్ళు కట్టుంటాను, నాది నాకు తెలీదా? అబ్బాయి పోయినాడు, ఈడ్నే పోయినాడు. ఏడ్సండమ్మా."

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. లోకేశ్వరి గుడ్లప్పగించి నిలబడింది. ఇంత పెద్దమనిషి, ఇంత నమ్మకంగా! చెట్టు వేరును తన కట్టనుకున్నాడు. ఎవరికి వాళ్ళకు తమ పనే కనబడుతుంది కాబోలు. కాదని ఇప్పుడంటే ఆయన పరువు పోతుంది. అనకపోతే తను నగరికి పోవచ్చు. అంత సులువు. నోరు మూసుకుంటే చాలు. ఆమె నోరు మూసుకుంది. మొగుడు పోయిన దెబ్బకు నోట మాట రావడం లేదని పక్కవాళ్ళు వీపు నిమిరారు.

అప్పుడు వచ్చింది సుబ్బులమ్మ. ఎవరు చెప్పారో, పడుతూ లేస్తూ వచ్చింది. కొప్పు ఊడిపోయింది, పైట జారిపోయింది. దేవరాజులు చేతిలోంచి ఆ ముక్కను లాక్కుని రొమ్ముకు అదుముకుంది. "నాయనా! నా కుమారా! ఇంత దగ్గర్నే ఉంటివా నాయనా! ఇంటి పక్కన్నే ఉంటివా! నేను రైళ్ళెంబడి నిన్ను ఎతుక్కుంటినే!"  లోకేశ్వరికి ఆ క్షణంలో అరిచి చెప్పేయాలనిపించింది. అరవకుండా, జారిపోయిన అత్త పైట తీసి భుజాన కప్పింది.

పెద్దలు కలగజేసుకుని, పోలీసులకు తర్వాత చెప్పుకోవచ్చు, ముందు జరగాల్సింది చూడమన్నారు. ఎముకలన్నీ ఏరి, కొత్తగుడ్డ మీద మనిషి ఆకారంగా పేర్చి కాల్చాలి. ఆ ఏరడం కాళ్ళ దగ్గర మొదలుపెట్టి తల దాకా పోవాలని ఇక్కడి ఆచారం. ఏది ఏ ఎముకో చెప్పడానికి దేవరాజులు ఉండనే ఉన్నాడు. తల దొరక్కపోతే కొబ్బరికాయ పెట్టొచ్చన్నారు. మైల అని మిగతావాళ్ళంతా గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డారు. వంకలో ఇసుక మీద మిగిలింది ముగ్గురే: తల్లి, పెళ్ళాం, కట్టు కట్టినాయన.

సుబ్బులమ్మ ఒక్కో ముక్కా ఏరి, కొంగుతో మట్టి తుడిచి ఇస్తుంటే, దేవరాజులు తడిమి చెబుతున్నాడు. లోకేశ్వరి పేరుస్తోంది. ఇది కుడికాలు. ఇది ఎడమకాలు. ఇది తొడ. ఇది పక్కటెముక. మట్టిగోడలో ముక్కలకేం కొదవ? పీకేకొద్దీ వస్తున్నాయి. సుబ్బులమ్మ ఇంకోటి అందించింది. దేవరాజులు నిమిరి "ఇది మోకాటి కింద..." అని ఆగిపోయాడు.

ఆయన గుడ్డవైపు చూశాడు. మోకాళ్ళ కింద రెండు ఎముకలూ ఎప్పుడో పేర్చి ఉన్నాయి. చేతిలో ఉన్నది మూడోది. దీనికీ ఒక ముద్ద ఉంది.  తలెత్తితే ఎదురుగా లోకేశ్వరి కళ్ళు. ఆ కళ్ళలో ఆశ్చర్యమన్నది లేదు. దాంతో తన వేళ్ళు తప్పాయనీ, ఆ సంగతి ఆమెకు ముందే తెలుసనీ ఆయనకు అర్థమైంది. 

"చెయ్యి" అన్నాడు గొంతు సవరించుకుని. "ఇది చెయ్యి. ఆడ పెట్టమ్మా."

లోకేశ్వరి దాన్ని చెయ్యి ఉండాల్సిన చోట పెట్టింది. ఆ చెయ్యి కాలికంటే పొడుగుంది. సుబ్బులమ్మ ఇంకోటి తెచ్చింది. అదీ అలాంటిదే. "ఇదీ చెయ్యేనమ్మా" అన్నాడాయన, చూడకుండానే. సుబ్బులమ్మ దాన్ని ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని, గుడ్డమీద పడుకున్న ఆకారాన్ని కాళ్ళనుంచి పైదాకా చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"అప్పా" అంది గట్టుమీదికి వినబడకుండా. "నేను వాన్ని రెండు కాళ్ళతోనే కంటి."

 సుబ్బులమ్మ కోడలి వైపు తిరిగింది. "మే, నీకు తెల్సా?"

తెలియదంటే సరిపోయేది. పెద్దాయన చెప్పాడు, నేను పేర్చాను, నాకేం తెలుసత్తా అంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ అప్పుడే కొడుకుని పోగొట్టుకుని, అప్పుడే మళ్ళీ దొరకబుచ్చుకుంటున్న ఆ ముఖం ముందు లోకేశ్వరి అబద్ధమాడలేకపోయింది.

"రాళ్ళత్తా" అంది. "అన్నీ రాళ్ళే. చెట్ల వేర్లు రాళ్ళయినాయంట. మొన్న నడుం నొప్పని పోయింది దీనికే, తిరపతిలో సూపిచ్చినా. పోవాలని... నగిరికి పోవాలని నోరు మూసుకున్యా."

"రాయా!" అన్నాడు దేవరాజులు. మొదటి ముక్కను మళ్ళీ చేతిలోకి తీసుకుని తడిమాడు. ఇంకా తడిమాడు. "నా చెయ్యేనా ఇది" అని గొణుక్కుంటూ అరచేతుల వైపు చూసుకున్నాడు.

లోకేశ్వరి దెబ్బకోసం చూస్తూ నిలబడింది. ఇప్పుడు అత్త గట్టువైపు తిరిగి ఒక్క అరుపు అరుస్తుంది, ఊరంతా దిగొచ్చి ముఖాన ఉమ్మేస్తుంది. సాయంత్రానికి మళ్ళీ అదే గడప, అదే పెరడు, అవే అంట్లు. ఈసారి మాయలాడి అనే పేరు కూడా. ఇంక ఈ జన్మకు ఇంతేనని ఆమె మనసు చచ్చిపోయింది.

సుబ్బులమ్మ గట్టువైపు చూసింది. మనుషులంతా ఇటే చూస్తున్నారు. చావుకు డప్పు కొట్టే పలకలవాళ్ళు వచ్చి పలకలు వేడి చేస్తున్నారు. ఆమె ఇసుకలో చతికిలబడింది. చేతిలో ఉన్న ముక్కను ఒళ్ళో వేసుకుని కొంగు కప్పింది. 'చెయ్యి' అని పెట్టిన పొడుగాటి ముక్కను కూడా తీసి ఒళ్ళో దాచింది. రెండు కాళ్ళూ తిన్నగా సర్దింది. తలగా పెట్టిన కొబ్బరికాయను కాస్త పైకి జరిపింది. దేవరాజులు కన్నార్పకుండా చూస్తున్నాడు.

"నగిరి బస్సు హారన్ గొడితే నీ చెయ్యి ఏ పని మిందుంటే ఆ పని మింద ఆగిపోతాది" అంది కోడలివైపు చూడకుండా. "నాలుగేండ్లుగా సూస్తాండా. తెలీదనుకున్యావా? నువ్వు బోతే ఒక్కదాన్నే ఆ తలుపు ఎట్ల మూసుకునేదా అని నీ నెత్తిన ఆ ఒట్టు అట్నే పెట్టినా."

"అత్తా..."

"మాట్లాడొద్దు. వాడు బతికుండాడు. నా మనసుకు తెలుసు. రేపొచ్చినా వస్తాడు. వాడొస్తే వానికి నేను సెప్పుకుంటా. ఆ కాణిపాకం సామికీ నేనే సెప్పుకుంటా. నువ్వు నోరు మూసుకోని ఏడు."

అని, తలెత్తి గట్టువైపు కేకేసింది, ఊరంతా ఉలిక్కిపడేలా. "ఏమప్పా, సూస్తా నిలబడినారు! కట్టెలు తెండి. నా బిడ్డకు పొద్దు పోతాండాది!"

పలకలు మోగాయి. లోకేశ్వరి ఏడ్చింది. నాలుగేళ్ళలో అంతలా ఎప్పుడూ ఏడవలేదు. మొగుడి కోసమనుకుంది ఊరు, అనుకోనీ. ఒళ్ళో రాళ్ళ బరువుకు పైకి లేవలేక అత్త చెయ్యి చాపితే, రెక్క పట్టుకుని లేపింది.